ఆ క్షణంలో అరవై మూడు

ఒక్క క్షణంలో కారు ఎంత దూరం వెళుతుంది? ఏమీ వెళ్ళదు. క్షణమంటేనే కాలం కదలని చోటు. కాలం కదలకుండా చక్రం కదలదు, చక్రం కదలకుండా వేగం రాదు, మరి రాని వేగానికి అరవై మూడని ఎలా రాశారు? రవాణా ఆఫీసు నడవలో ఇనప బల్ల మీద కూర్చుని ఆమె ఈ ఒక్క మాటనే పొద్దుట్నుంచి నములుతోంది. ఒళ్ళో నోటీసు, దాని మీద ఫొటో. వెనక నుంచి తీసిన కారు, కారు నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు, కింద తారీకు, సమయం, సెకనులో భాగాలతో సహా, పక్కన అరవై మూడు. ఆ రోడ్డు మీద యాభై దాటకూడదు. దాటింది మామూలు మనుషులైతే జరిమానాతో పోయేది. దాటింది డ్రైవింగు నేర్పే టీచరు కారు కనక స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి, చెప్పింది నచ్చకపోతే నేర్పే లైసెన్సు ఊడుతుంది. ఏళ్ళ తరబడి ఆ కారులో పక్క సీట్లో కూర్చుంది, పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండే కారది, ఎంతమంది చేత స్టీరింగు పట్టించిందో ఆమెకే గుర్తులేదు, ఒక్క నోటీసు రాలేదు. ఇప్పుడు స్తంభానికి వేలాడే ఒక కెమెరా డబ్బా ఆమె వైపు కన్ను కొట్టి, నువ్వు దొంగవి అంది. "సారు మీటింగులో ఉన్నారు, గంట పడుతుంది," అన్నాడు తలుపు దగ్గర ప్యూను, గంట పట్టడం తన గొప్పతనమైనట్టు. పదింటికి రమ్మన్నది వీళ్ళే. పదింటికి వచ్చింది తను. వీళ్ళ ఆలస్యానికి నోటీసు ఎవరిస్తారు? ఆ డబ్బాని ఊడబీకి తెచ్చి ఈ నడవలో తగిలిస్తే తెలుస్తుంది, ఎవరి వేగం ఎంతో.

వేగం అనుకోగానే ఆ పొద్దుటి వంతెన దిగుడు మళ్ళీ అరికాళ్ళ కిందికి వచ్చింది. స్టీరింగు దగ్గర పిన్నిగారు. చుట్టమేం కాదు, డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. అరవై దాటింది, బతుకంతా కుట్టుమిషను మీద వంగి మెడ కాస్త ముందుకి వచ్చేసింది, కారెక్కే ముందు చెప్పులు దులిపి మరీ ఎక్కుతుంది. ఇంట్లో కారుంది, కానీ అది ఆయన కారు. ముప్పై ఏళ్ళు ఆయనే తోలాడు, ఆవిడ పక్కన కూర్చుని ఒళ్ళో సంచీ పట్టుకుంది. ఇప్పుడాయన చూపు మసకబారింది, కారు షెడ్డులో దుమ్ము తింటోంది, ఆవిడ తాళాలడిగితే "కుట్టుమిషను తొక్కడమనుకున్నావా, నీ వల్ల కాదు" అన్నాడట. ఆ రోజు మొదలు రోజూ అంటూనే ఉన్నాడట. వంతెన ఎక్కేటప్పుడు కారు నలభైలో ఉంది. దిగుడు మొదలవగానే తనంతట తనే నలభై ఐదు. "కాలు బ్రేకు మీదికి తెండి పిన్నిగారూ," అంది ఆమె. కాలు కదిలింది, కానీ ఇంజను గట్టిగా అరిచింది, రోడ్డంతా ఒక్కసారి కారు కిందికి దూసుకొచ్చింది. కాలు తియ్యండి, తియ్యండి అని రెండుసార్లు అరిచింది. వెనక బస్సొకటి అంటుకుని వస్తోంది, ఒక్కసారిగా ఆపితే అది మీదికి ఎక్కేస్తుంది. అద్దంలో బస్సు కాస్త వెనకపడగానే తన వైపు బ్రేకు తొక్కింది. ముందు బ్రేకు, ఆ తర్వాత మెరుపు. ఆ వరస ఆమె కాలికి తెలుసు. "ఏవిటమ్మాయ్ ఆ మెరుపు, వానొస్తోందా?" అంది పిన్నిగారు. అంటే ఆ డబ్బా కన్ను కొట్టేటప్పటికి కారు తగ్గుతోంది. తగ్గుతున్న దాన్ని పట్టుకుని దాటింది అంటున్నారు. వెనక ఎర్ర దీపాలు వెలిగే ఉంటాయి, కానీ ఫొటో నలుపూ తెలుపూ, ఎర్ర దీపం ఎండ పడ్డ అద్దంలా తెల్లగా మెరుస్తోంది. నిజం చెప్పగలిగిన రంగు ఒక్కటే, దాన్నే తీసేశారు.

ఫోను మోగింది. ఓనరు. స్కూలు ఆయనది, కారు ఆయనది, ధైర్యం మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళది.

"లోపలికి పిలిచారా?"

"లేదు."

"చూడు, ఎక్కువ మాట్లాడకు. మెషిను తప్పు చూపించిందని చెప్పు. వినకపోతే ఆ ముసలావిడ మీదికి తోసెయ్. చెప్పిన మాట వినలేదు, నా చేతుల్లో లేదు అను. ఆవిడకేమవుతుంది, ఏడాది దాకా లైసెన్సివ్వరు, అంతేగా?"

"అంతేనా?"

"ఈ వయసులో ఆవిడ కారు తోలి ఏ రాజ్యాలు ఏలాలో చెప్పు."

ఫోను పెట్టేసింది. అంతేగా అట. ఏడాది దాకా ఆవిడ ఇంట్లో, పొద్దున లేచింది మొదలు, చెప్పానా నేను, చెప్పానా, అని ఒక గొంతు వినిపిస్తూ ఉంటుంది, అంతేగా. ఈ వయసులో అట. అసలు ఆ మాట కనిపెట్టిన వాణ్ణి ముందు ఈ బల్ల మీద గంటసేపు కూర్చోబెట్టాలి. నిన్న సాయంత్రం కూడా అదే మాట పడింది తను, నలభై రెండేళ్ళ మనిషి, పిల్లల మధ్య మూడో వరసలో నిలబడి. డిప్లొమా ఉంటే సొంతంగా స్కూలు పెట్టుకోవచ్చు, ఈ ఓనరు ఫోన్లెత్తక్కర్లేదు అని సాయంకాలపు కాలేజీలో చేరింది. ఇంజన్ల క్లాసులో ఆమెకి ఎదురు లేదు. లెక్కల క్లాసు దగ్గరే వచ్చింది చిక్కు. ఆ సారుకి పిల్లలు పెట్టిన పేరు 'రాసుకోండి'. బోర్డు మీద గీస్తాడు, రాసుకోండి అంటాడు, చెరిపేస్తాడు. నిన్న డెరివేటివ్ అంటే ఒక క్షణంలో ఉండే వేగం, రాసుకోండి అన్నాడు. అదే వారం నోటీసు వచ్చింది కదా, ఆ క్షణం అన్న మాట ముల్లులా గుచ్చుకుని లేచి నిలబడింది.

"సార్, ఒక క్షణంలో కారు కదలదు కదా. దూరం సున్నా, కాలం సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే వేగం ఎలా వస్తుంది?"

"దాన్ని లిమిట్ అంటారమ్మా. రాసుకోండి."

"రాసుకున్నాను సార్. అర్థం కాలేదు."

"పరీక్షలో అర్థం అడగరు."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు అణగనిచ్చి, "ఈ వయసులో మీకింత లోతెందుకమ్మా, పది ఫార్ములాలు బట్టీ పట్టండి, పాసైపోతారు," అన్నాడు. జాలిగా కూడా అన్నాడు. అదీ మంట. క్లచ్ అంటే ఏమిటని అడిగిన మనిషిని ఒక్కర్నైనా తను రాసుకో అందా? రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి, ఇదిగో ఇది ఇంజను, ఇది చక్రం, వదిలితే అంటుకుంటాయి, తొక్కితే విడిపోతాయి, మెల్లగా అంటించకపోతే ఇద్దరూ కొట్టుకుంటారు అని చూపిస్తుంది. అర్థం కాకపోతే మళ్ళీ చూపిస్తుంది. అర్థమయ్యేదాకా తాళం తిప్పనివ్వదు. తెలియనివాళ్ళకి కారు ఇచ్చి రోడ్డు మీదికి తోలితే మనుషులు చస్తారు కనక. లెక్కల్లో ఎవరూ చావరు కనక వీళ్ళకి ఇష్టమొచ్చినట్టు తోలుతున్నారా? చావరని ఎవరన్నారు? చిన్నప్పుడు బళ్ళో లెక్కల మాస్టారు పిల్లల్ని రెండు వాటాలుగా విడదీసి, ఎందుకని అడగనివాళ్ళని ముందు బల్లల్లోనూ, అడిగేవాళ్ళని కిటికీ పక్కనా కూర్చోబెట్టిన రోజు, కిటికీ పక్కన ఏదీ చావలేదా?

అక్క ముందు బల్లలో కూర్చునేది. నూటికి తొంభై తొమ్మిది, పోయిన ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందని ఇంట్లో విచారణ. ఇప్పుడు పెద్ద కంపెనీలో లెక్కలు చూస్తుంది. నిన్న కాలేజీ నుంచి వస్తూ ఆమె బస్సులోంచే అక్కకి ఫోను చేసింది.

"అక్కా, డెరివేటివ్ అంటే ఏంటే?"

"ఎక్స్ స్క్వేర్‌కి టూ ఎక్స్. ఎక్స్ క్యూబ్‌కి త్రీ ఎక్స్ స్క్వేర్." ఊపిరి తీసుకోకుండా చెప్పింది, నిద్రలో లేపినా చెబుతుంది.

"అది సరే. అంటే ఏంటి?"

"అంటే టూ ఎక్స్."

"అదేనే, ఆ టూ ఎక్స్ అంటే ఏంటి?"

అక్క మెల్లగా, "నాకూ ఎవరూ చెప్పలేదే," అంది. ఇన్నేళ్ళూ అక్కకి వచ్చు, నాకు రాదు అనుకుంది. అక్కకి ఇచ్చింది కూడా ఖాళీ డబ్బాయే, మూత మాత్రం గట్టిగా బిగించి ఇచ్చారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి తనని మోసం చేశారు, ముందు బల్లలో కూర్చోబెట్టి అక్కని మోసం చేశారు.

నడవ చివర టీ అమ్మే మనిషి దగ్గర గ్లాసు టీ తెచ్చుకుంది. గ్లాసు పట్టుకోలేనంత వేడి, నోట్లో పోసుకుంటే చప్పన. చక్కెర వేశాడు గానీ కలపలేదు, చెంచా అడిగితే లేదన్నాడు. ఈ ఆఫీసులో ఏదీ కలవదు. ఊదుకుంటూ తాగుతూ ఉంటే సగానికి వచ్చేసరికి కాస్త తీపి తగిలింది, ఇంకా కిందికి పోతే ఇంకాస్త. రెండు చెంచాలు వేశాను కదమ్మా అంటాడు అడిగితే. నిజమే, గ్లాసు మొత్తానికి రెండు చెంచాలు. కానీ ఈ గుక్క ఎంత తీపి? పెద్ద గుక్క తాగితే పైనున్న చప్పనా కిందున్న తీపీ కలిసిపోయి ఏదో సర్దుబాటు రుచి వస్తుంది. చిన్న గుక్క తాగితే దాదాపు ఒక చోటి తీపే. మరి నాలిక కొసకి అంటిన చుక్క? చుక్కలో చక్కెర ఎంత, ఉన్నా లేనట్టే. చుక్కలో టీ ఎంత, అదీ ఉన్నా లేనట్టే. రెండూ లేనట్టే అయిపోయాయి, తీపి మాత్రం లేనట్టు కాలేదు. చుక్క చిన్నదైంది గానీ తీపి చిన్నది కాలేదు. గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. దూరం చక్కెర. కాలం టీ. రెండూ సున్నా వైపు పోతుంటే ఆ రెంటి నిష్పత్తి ఎందుకు సున్నా కావాలి? ఎవరు చెప్పారు కావాలని?

ఆగు, తొందరపడకు, అని తనకి తనే చెప్పుకుంది, మొదటి రోజు స్టీరింగు పట్టిన వాళ్ళకి చెప్పినట్టు. ఫోన్లో లెక్కల యంత్రం తెరిచింది. 'రాసుకోండి' ఇచ్చిన ఉదాహరణే తీసుకుంది: ఎన్ని సెకన్లయితే, వాటిని వాటితోనే హెచ్చవేసినన్ని మీటర్లు వెళుతుంది కారు. మూడో సెకను దగ్గర వేగం ఎంత? మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు. మూడు నుంచి నాలుగు దాకా చూస్తే సెకనుకి ఏడు. పెద్ద గుక్క అది. మూడు నుంచి మూడున్నర దాకా చూస్తే ఆరున్నర. మూడు నుంచి మూడు పాయింట్ ఒకటి దాకా, ఆరు పాయింట్ ఒకటి. మూడు పాయింట్ సున్నా ఒకటి దాకా, ఆరు పాయింట్ సున్నా ఒకటి. గుక్క చిన్నదయ్యేకొద్దీ ఎక్కడికి పోతోందో దాచుకోవడం లేదు, ఆరు గుమ్మం ముందుకి వచ్చి నిలబడుతోంది. ఒక్క క్షణంలో కారు కదలకపోవచ్చు, కానీ ఆ క్షణాన్ని ఆనుకుని ఎంత చిన్న ముక్క తీసినా అది చెప్పే మాట ఆరే. అప్పుడు గుర్తొచ్చింది, ఎక్స్ స్క్వేర్‌కి టూ ఎక్స్. రెండు మూళ్ళు ఆరు. ఇదా! అక్క ఇన్నేళ్ళూ నిద్రలో కూడా మోసుకు తిరిగిన టూ ఎక్స్ ఇదా! ఇంతేనా! ఇది చిన్నదని కాదు, ఇది ఎంతో పెద్దది, అయినా గ్లాసు టీలో పడుతుంది, ఫోన్లో నాలుగు లెక్కల్లో పడుతుంది, మరి పదిహేనేళ్ళ పిల్లలకి చెప్పడానికి వాళ్ళకి నోరెందుకు రాలేదు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో అనుకుంటాడేమో ఆ ప్యూను, సంతోషం ఏ మూలో ఉండొచ్చు, పైకి ఉబికింది మాత్రం కోపం. నాకు తల లేదన్నారు. తల ఎప్పుడూ ఇక్కడే ఉంది, ఈ మెడ మీదే ఉంది, దీనికి ఇవ్వవలసింది ఇవ్వకుండా దీన్నే అన్నారు.

ఆ కోపంలోనే ఇంకోటి కూడా తట్టింది, తట్టకపోతే బాగుండేది. అయితే ఆ డబ్బా అబద్ధం చెప్పలేదు. ఒక క్షణానికి వేగం ఉంటుంది. ఆ క్షణంలో ఆ కారు వేగం అరవై మూడు. పొద్దుట్నుంచి నూరుకుంటున్న కత్తి కాస్తా తన పిడికిట్లోనే మొండిగా పడుంది. మెషిను తప్పు అని ఇప్పుడు ఏ మొహంతో చెప్పడం? సరే, నిజమే చెప్పింది, ఎంత నిజం చెప్పింది? నిన్న క్లాసు చివర 'రాసుకోండి' డిఫరెన్షియల్ ఈక్వేషన్ అని ఒకటి గీసి, దీనికి సమాధానం ఒక అంకె కాదు, ఒక గీత, ఒక గీత కూడా కాదు, గీతల కుటుంబం అని, గంట కొట్టగానే పారిపోయాడు. కుటుంబం అన్నాక ఎవడైనా పారిపోతాడు. ఇప్పుడు గ్లాసు చేతిలో గోరువెచ్చగా ఉంది. ఇందాక గబగబా చల్లారింది, ఇప్పుడు చల్లారడానికి బద్ధకిస్తోంది. ఎంత వేడి మిగిలి ఉంటే అంత జోరుగా చల్లారుతుంది, అదే దాని నియమం. ఎక్కడికి పోతుందో ఆ నియమం చెప్పదు, ఇప్పుడు ఎక్కడున్నావో చూసుకుని ఎలా కదలాలో మాత్రం చెబుతుంది. అరే, తను రోజూ చేసేది అదే కదా. రోడ్డంతా గీసి ఎవరి చేతికీ ఇవ్వదు. అంచుకి దగ్గరైతే ఇటు తిప్పు, ముందు కారు దగ్గరైతే కాలు తియ్యి, అంతే చెబుతుంది, దారి దానంతటదే తయారవుతుంది. నియమం అందరికీ ఒకటే. కానీ ఒకడు ఖాళీ మైదానంలో మొదలుపెడతాడు, ఒకావిడ ముప్పై ఏళ్ళు పక్క సీట్లో సంచీ పట్టుకుని మొదలుపెడుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పకపోతే ఏ గీత ఎవరిదో తేలదు, అందుకే అది కుటుంబం. ఈ నోటీసులో మొదలు లేదు. ఎటు పోతోందో లేదు. మధ్యలో ఒక చుక్క పెట్టి, ఇదే నువ్వు అంటున్నారు. బళ్ళో పెట్టిన చుక్క కూడా ఇలాంటిదే.

"రావొచ్చమ్మా," అన్నాడు ప్యూను.

అధికారి మొహంలో మీటింగు ఇంకా ఆరలేదు. కాగితంలోంచి తలెత్తకుండానే, "అరవై మూడు. మెషిను తప్పంటారా? పొద్దుట్నుంచి అందరూ అదే అంటున్నారు," అన్నాడు.

"లేదు సార్. అరవై మూడే."

తలెత్తాడు.

"ఆ క్షణానికి అరవై మూడే. మెషిను కరెక్టుగా చెప్పింది, కానీ సగమే చెప్పింది. అప్పటికి నేను బ్రేకు తొక్కాను, వేగం తగ్గుతోంది. తగ్గుతోందో పెరుగుతోందో ఇందులో లేదు."

"తగ్గుతోందంటే, అంతకు ముందు ఇంకా ఎక్కువుందని మీరే చెబుతున్నారా?"

"తగ్గాలంటే ముందు ఎక్కువుండాలి కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తోలింది ఎవరు?"

పిన్నిగారి పేరు నాలిక చివర దాకా వచ్చింది. దానితోపాటే, చెప్పానా నేను, అనే గొంతూ వచ్చింది. "నేర్పుతున్నది నేను. కారులో నా వైపూ ఒక బ్రేకుంది, అది ఇంకా ముందే తొక్కాల్సింది, వెనక బస్సుందని ఆగాను."

"తోలింది ఎవరని కదా అడిగాను."

"నేను చెప్పింది అదే సార్."

"తగ్గుతోందా పెరుగుతోందా అన్నది రూల్లో లేదమ్మా."

"అయితే మీ రూలు తప్పు. గోడకేసి తోలేవాణ్ణీ, గోడని చూసి ఆపేవాణ్ణీ ఒకే గాటన కడుతోంది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత రాశాడు, చదివి వినిపించాడు: నెల రోజులు ఎవరికీ నేర్పకూడదు. "మామూలుగా ఆర్నెల్లు వేస్తాను. అబద్ధం ఆడలేదు కనక నెల."

"మెచ్చుకుంటున్నారా, శిక్ష వేస్తున్నారా?"

"రెండూను. ఇంక వెళ్ళండి."

నెల! చెయ్యని తప్పుకి నెల, పైగా అది దయ! తలుపు కాస్త గట్టిగానే వేసుకుని బయటికి వచ్చేసరికి, ఆమె ఇందాక కూర్చున్న బల్ల మీద పిన్నిగారు కూర్చుని ఉంది, ఆయాసపడుతోంది, చెప్పులకి దుమ్ము.

"అయిపోయిందా? అయ్యో, రెండు బస్సులు మారి వచ్చానే. నా పేరు చెప్పావా?"

"లేదు. నెల రోజులు నన్ను ఆపేశారు. మీకేం కాదు. కాలు పొరపాటున పడితే ఏం చేస్తారు, ఎవరికైనా పడుతుంది."

పిన్నిగారు కొంగు కొసని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "పొరపాటున పడలేదమ్మాయ్."

"అంటే?"

"కావాలనే తొక్కాను. దిగుడు మొదలయ్యాక గాలి మొహానికి కొట్టింది చూడు, ఆయన గొంతు వెనకపడిపోయినట్టనిపించింది. ఇంకాస్త తొక్కితే ఇంక వినపడదనిపించింది. ఎంతసేపులే, ఒక్క క్షణమే కదా అని..."

"ఒక్క క్షణమా!" ఆమె గొంతుకి నడవలో అందరూ ఇటు తిరిగారు. "ఒక్క క్షణమంటే ఏమీ లేదనుకుంటున్నారా? వెనక బస్సు, ముందు మలుపు, పక్కన నేను! చెప్పిన మాట వినే ఉద్దేశం లేనప్పుడు పక్కన మనిషెందుకు మీకు, ఒక సంచీ పెట్టుకోకపోయారా?"

ప్యూను ష్ అన్నాడు. "నువ్వూరుకో!" అంది వాణ్ణి కూడా. పిన్నిగారు తలొంచుకుని అంతా విని, లేచి, "పద, లోపలికెళ్ళి చెబుతాను, నాదే తప్పని," అంది.

"కూర్చోండి! నాకు ఆర్నెల్లు, మీకు ఏడాది వేయించుకుందామనా?" చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాక్కుపోయింది. మెట్లు దిగుతూ తిట్టింది, ఎండలోకి వచ్చి తిట్టింది, బస్సు స్టాపులో మనుషుల మధ్య కాస్త గొంతు తగ్గించి తిట్టింది. పిన్నిగారు ప్రతి తిట్టుకీ తలూపింది.

"నెలయ్యాక వంతెన ఎక్కనిస్తావా?" అంది చివరికి.

"ఎక్కనివ్వను. ముందు దిగడం రావాలి. దిగుడు చివర కారు నేను చెప్పిన చోట ఆగాలి, అది వచ్చేదాకా ఎక్కే మాట ఎత్తొద్దు. ఎందుకో అడగరేం?"

"ఎందుకమ్మాయ్?"

ఆమె రెండు అరచేతులూ చాచి, ఒకటి దిగుడుగా ఏటవాలుగా పెట్టి, రెండోదాన్ని కారుగా దాని మీదికి తెచ్చి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి పిన్నిగారి మొహంలో పశ్చాత్తాపం ఏ మూలైనా ఉందేమోనని వెతికింది. మచ్చుకైనా కనపడలేదు. ఆవిడ ఆ ఏటవాలు చేతినే, కళ్ళార్పకుండా, ఆశగా చూస్తోంది.